పాస్‌వర్డు దానంతటదే రావడం లేదా? బ్రౌజర్‌ను తీసేసే ముందు ఇవి చూడండి

బ్రౌజర్ పాస్‌వర్డు నింపడం మానేసిందంటే చాలామంది దాన్ని తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, లేదంటే హిస్టరీ మొత్తం తుడిచేస్తారు. దయచేసి ఈ రెండూ చేయకండి. తీసేసేటప్పుడు బ్రౌజింగ్ డేటా కూడా పోవాలా అని అడిగే చోట టిక్ పడిందంటే, గూగుల్ ఖాతాకు ఎక్కకుండా ఆ కంప్యూటర్‌లోనే ఉన్న పాస్‌వర్డులన్నీ పోతాయి, మళ్లీ రావు. పైగా లోపం బ్రౌజర్‌లో ఉండడం తక్కువ. దాచిన వివరం తప్పుగా ఉండడమో, సైటు పాత చిరునామా కింద ఉండడమో, ఇంకో జీమెయిల్ కింద ఉండడమో ఎక్కువ. అందుకే వరుసగా మూడు సంగతులు తేల్చుకోండి: అసలు దాచి ఉందా, ఏ సైటు పేరు మీద దాచి ఉంది, అందులో ఏం రాసి ఉంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా క్రోమ్ గురించి. ఫైర్‌ఫాక్స్‌లో తేడా ఉన్న చోట అది కూడా చెబుతాం. ఎడ్జ్ లోపల క్రోమ్ లాంటిదే, మెనూల పేర్లు మాత్రం కాస్త వేరు.

దాచి ఉందా, లేదా?

పైన కుడి మూలన మూడు చుక్కలు నొక్కి, పాస్‌వర్డులు, ఆటోఫిల్ అన్న మెనూలోంచి ‘గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్’ తెరవండి. ఫైర్‌ఫాక్స్‌లో మూడు గీతలు నొక్కితే ‘పాస్‌వర్డ్స్’ అని నేరుగా ఉంటుంది. వెతికే పెట్టెలో సైటు పేరులోని మూడు నాలుగు అక్షరాలు కొట్టండి. పూర్తి పేరు కొట్టొద్దు, ఎందుకో కింద తెలుస్తుంది.

ఏమీ రాకపోతే అక్కడే ఉన్న ‘సెట్టింగ్స్’లోకి వెళ్లండి. మొదటి స్విచ్ ‘ఆఫర్ టు సేవ్’ అని మొదలవుతుంది, అది ఆన్‌లో ఉండాలి. దాని కిందిది ‘సైన్ ఇన్ ఆటోమేటిక్‌గా’ అనే అర్థం ఉన్నది, అది ఆఫ్‌లో ఉన్నా పాస్‌వర్డులు దాచడానికి అడ్డం రాదు. ఇంకా కిందికి వస్తే ‘డిక్లైన్డ్ సైట్స్ అండ్ యాప్స్’ అని ఒక జాబితా కనబడుతుంది. ఎప్పుడో తొందరలో ‘నెవర్’ నొక్కిన సైట్లన్నీ అందులో ఉంటాయి. ఒక్కసారి అందులో పడిందంటే ఆ సైటుకు పాస్‌వర్డు దాచమంటావా అని క్రోమ్ మళ్లీ అడగదు. పక్కన ఉన్న ఇంటూ గుర్తు నొక్కి తీసేయండి, తర్వాతి లాగిన్‌లో అడుగుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే జాబితా ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లో పాస్‌వర్డుల దగ్గర ‘ఎక్సెప్షన్స్’ అన్న బటన్ వెనక ఉంటుంది.

ఫోన్‌లో వస్తోంది, కంప్యూటర్‌లో రావడం లేదు అంటే చాలాసార్లు కారణం రెండు జీమెయిల్‌లు. ఇంట్లో ఒకే ఫోన్‌లో తండ్రిది, బిడ్డది, కాలేజీ పని కోసం తెరిచినది అని మూడు ఖాతాలు ఉంటాయి. స్కాలర్‌షిప్ పాస్‌వర్డు ఒక దాంట్లో దాగి ఉంటుంది, కంప్యూటర్‌లో ఇంకోటి తెరిచి ఉంటుంది. క్రోమ్‌లో కుడివైపు పైన ఉన్న గుండ్రటి బొమ్మ నొక్కి అక్కడ ఉన్న మెయిల్ చిరునామాను, ఫోన్ క్రోమ్‌లో ఉన్నదాన్ని పక్కపక్కన పెట్టి చదవండి. ఒకటి కాకపోతే కంప్యూటర్‌లో ఆ రెండో ఖాతాకు వేరే ప్రొఫైల్ తెరవండి. రెండు ఖాతాలను ఒకే ప్రొఫైల్‌లో కలిపితే ఎవరి పాస్‌వర్డు ఎక్కడుందో తర్వాత ఎవరికీ తెలియదు.

చిరునామా మారితే పాస్‌వర్డు రాదు

బ్రౌజర్ పాస్‌వర్డును సైటు బొమ్మ చూసి నింపదు, చిరునామా చూసి నింపుతుంది. తెలంగాణలో ఈ చిరునామాలే కదిలాయి. 2024లో రాష్ట్రం పొట్టి పేరు టీఎస్ నుంచి టీజీకి మారింది, దాంతో టీఎస్‌తో మొదలైన ప్రభుత్వ సంస్థల వెబ్ చిరునామాలు చాలా టీజీతో మొదలయ్యేలా మారాయి. భూముల రికార్డుల సైటు ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది, దాని చిరునామా వేరు. పాత చిరునామా కింద దాచింది కొత్త పేజీలో రాకపోతే అది బ్రౌజర్ తప్పు కాదు. పూర్తి పేరు కొట్టి వెతకొద్దని చెప్పింది ఇందుకే. టీజీ అని వెతికితే టీఎస్ కింద ఉన్నది దొరకదు.

చిరునామాలో తోక భాగం, అంటే ‘తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్’ అన్నది అదే ఉండి ముందు భాగం మాత్రమే మారితే క్రోమ్ పాత పాస్‌వర్డును తనంతట తాను నింపదు కానీ, పెట్టెలో క్లిక్ చేస్తే జాబితాలో చూపిస్తుంది. అది ఎంచుకుని లాగిన్ అయితే కొత్త చిరునామాకు కూడా దాచుకుంటుంది. తోక కూడా మారితే మాత్రం ఏదీ చూపించదు. అప్పుడు పాస్‌వర్డ్ మేనేజర్‌లో పాతది తెరిచి, కాపీ చేసి, కొత్త పేజీలో ఒకసారి చేత్తో పెట్టి దాచుకోవాలి. లేదా మేనేజర్‌లోనే ‘యాడ్’ నొక్కి కొత్త చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డు మూడూ రాసుకోవచ్చు.

అయితే కాపీ చేసే ముందు ఒక్కటి చూసుకోండి. ఎప్పుడూ నింపే పాస్‌వర్డును బ్రౌజర్ ఈసారి నింపలేదంటే, మీరు తెరిచింది ఆ సైటు కాకపోవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన లింకు, వెతికితే పైన ప్రకటనగా వచ్చిన లింకు నొక్కి వెళ్లినప్పుడు ఇది మరీ ముఖ్యం. లోగో అదే, రంగులు అవే, ముఖ్యమంత్రి ఫొటో కూడా అదే ఉంటుంది, చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉంటుంది. మన కన్ను మోసపోతుంది, బ్రౌజర్ మోసపోదు, ఎందుకంటే అది అక్షరం అక్షరం పోల్చుతుంది. కాబట్టి రాలేదని చేత్తో కొట్టేయడం అలవాటు చేసుకోవద్దు. ముందు చిరునామాలో సైటు పేరును, అంటే దాని తర్వాత వచ్చే ఏటవాలు గీత (/) దాకా ఉన్న భాగాన్ని, చివరి నుంచి చదవండి. మొదట్లో గవ్ అని ఉండి చివర ఇంకేదో ఉంటే ఆ ట్యాబ్ మూసేయండి.

వస్తోంది, కానీ తప్పు అంటోంది

అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది ఇదే. యూజర్ పేరు, పాస్‌వర్డు రెండూ చక్కగా నిండుతాయి, లాగిన్ నొక్కితే ‘ఇన్‌వాలిడ్’ అంటుంది. అలాగే నొక్కుతూ పోతే ఖాతా లాక్ కావచ్చు. నొక్కడం ఆపి, పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఆ సైటు తెరిచి, కన్ను బొమ్మ నొక్కి లోపల ఏముందో చూడండి. విండోస్ పిన్ అడిగితే ఇవ్వండి. అక్కడ కనబడేవి సాధారణంగా ఈ నాలుగింట్లో ఒకటి.

మొదటిది, యూజర్ పేరు ఉండాల్సిన చోట క్యాప్చా, అంటే బొమ్మలో చూసి కొట్టే అక్షరాలు, ఉంటుంది. కొన్ని ప్రభుత్వ, కాలేజీ లాగిన్ పేజీల్లో యూజర్ పేరు, దాని కింద క్యాప్చా, దాని కింద పాస్‌వర్డు అన్న వరుస ఉంటుంది. పాస్‌వర్డుకు సరిగ్గా ముందున్న పెట్టే యూజర్ పేరు అని బ్రౌజర్ అనుకుంటుంది. క్యాప్చా ప్రతిసారీ మారుతుంది కాబట్టి లాగిన్ అయిన ప్రతిసారీ ఒక కొత్త వరుస చేరుతుంది. కొన్నాళ్లకు ఒకే సైటు కింద అర్థం లేని ఐదారు అక్షరాల పేర్లు వరుసగా పేరుకుని ఉంటాయి. ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేయండి. ఉంచినదాంట్లో ‘ఎడిట్’ నొక్కి అసలు యూజర్ పేరు రాయండి. ఇకమీదట దాచమంటావా అన్న చిన్న పెట్టె వచ్చినప్పుడు అందులో యూజర్ పేరు గడి చూడకుండా ‘సేవ్’ నొక్కొద్దు. ఆ గడిని అక్కడే దిద్దవచ్చు.

రెండోది, మీరు పెట్టిన పాస్‌వర్డు స్థానంలో చాంతాడంత అక్షరాల వరుస ఉంటుంది. అంకెలు, ఇంగ్లిష్ ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండవు. లెక్కపెడితే 32, 64 లేదా 128 వస్తాయి. కొన్ని సైట్లు లాగిన్ నొక్కగానే మీ పాస్‌వర్డును గుర్తుపట్టలేని రూపంలోకి మార్చి, అదే గడిలో పెట్టి, సర్వర్‌కు పంపుతాయి. 32 వస్తే ఎండీ5, 64 వస్తే షా-256, 128 వస్తే షా-512 అనే పద్ధతి అయ్యుంటుంది. బ్రౌజర్ కొన్నిసార్లు మీరు కొట్టినదాన్ని కాకుండా పంపే క్షణంలో గడిలో ఉన్నదాన్ని దాచేస్తుంది. మరుసటి రోజు ఆ పొడుగు వరుసను నింపితే సైటు దాన్ని ఇంకోసారి మారుస్తుంది, ఎప్పటికీ సరిపోదు. మందు ఒక్కటే: ‘ఎడిట్’లో ఆ వరుస తీసేసి మీ అసలు పాస్‌వర్డు రాసి దాచండి. ఆ తర్వాత లాగిన్ అయ్యాక ‘అప్‌డేట్ పాస్‌వర్డ్’ అని అడిగితే ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

మూడోది, చివర్లో ఖాళీ. పాస్‌వర్డును వాట్సాప్ మెసేజ్‌లోంచి కాపీ చేస్తే వెనక ఒక స్పేస్ అతుక్కుని వస్తుంది. కన్ను బొమ్మ నొక్కినా కనబడదు. ఎడిట్‌లో చివరి అక్షరం తర్వాత కర్సర్ పెట్టి, ఎండ్ బటన్ నొక్కండి. కర్సర్ ఇంకొంచెం జరిగితే ఖాళీ ఉన్నట్టే, బ్యాక్‌స్పేస్ కొట్టండి. నాలుగోది, ఫోన్‌లో పాస్‌వర్డు మార్చుకుని కంప్యూటర్‌లో పాతది అలాగే ఉండడం. దానికి వివరం అక్కరలేదు.

లోపల ఉన్నది సరిగ్గానే ఉండి, గడి నిండుగా కనబడుతూ ఉండి, ‘పాస్‌వర్డు రాయండి’ అని సైటు మొత్తుకుంటుంటే అది వేరే సంగతి. పేజీ తెరుచుకోగానే క్రోమ్ గడిలో చుక్కలు చూపిస్తుంది కానీ, మీరు పేజీ మీద ఒక్కసారైనా క్లిక్ చేసే దాకా ఆ విలువను సైటు చేతికి ఇవ్వదు. మీకు తెలియకుండా పాస్‌వర్డు లాగేసుకునే పేజీల నుంచి కాపాడడానికే ఈ ఏర్పాటు. ఖాళీ చోట ఒకసారి క్లిక్ చేసి, తర్వాత లాగిన్ నొక్కండి. అప్పటికీ కాకపోతే ఆ పేజీ కీబోర్డు నొక్కడాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటోంది. పాస్‌వర్డు గడి చివర క్లిక్ చేసి, ఏదో ఒక అక్షరం కొట్టి, దాన్ని బ్యాక్‌స్పేస్‌తో తీసేయండి.

బ్యాంకు పేజీలతో పోరాడొద్దు. వాటిలో కొన్ని యూజర్ పేరు ఒక పేజీలో, పాస్‌వర్డు ఇంకో పేజీలో అడుగుతాయి, కొన్ని తెర మీద కీబోర్డు పెడతాయి, కొన్ని పేస్ట్ కూడా కానివ్వవు. అవి కావాలని అలా కట్టినవి. ఆ ఒక్కటి చేత్తో కొట్టుకోండి.

రెండు పాస్‌వర్డ్ మేనేజర్లు పెట్టుకున్నా గొడవే. క్రోమ్‌దీ, పొడిగింపుగా (ఎక్స్‌టెన్షన్) వేసుకున్నదీ ఒకే గడి మీద పడితే ఒకటి నింపింది ఇంకోటి చెరుపుతుంది. ‘ఎక్స్‌టెన్షన్స్’లోకి వెళ్లి ఒక్కొక్కటే ఆపి చూడండి. ఏది ఆపితే సరైందో అదే కారణం.

ఫారంలో పేరు, జిల్లా, పిన్‌కోడు

పాస్‌వర్డుల దగ్గర చిరునామా ముఖ్యమైతే, ఫారాల దగ్గర మనం పేరు రాసే తీరు ముఖ్యం. మన దగ్గర ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అని రెండు గడులున్న ఫారంలో బ్రౌజర్ దాచిన పేరును విడగొట్టి, చివరి మాటను లాస్ట్ నేమ్‌లో పెడుతుంది. అంటే సైదులు అన్నది ఇంటిపేరు గడిలోకి, ఇంటిపేరు అసలు పేరు గడిలోకి వెళ్తాయి. పదో తరగతి మెమోతో సరిపోలక దరఖాస్తు తిరిగొస్తుంది. దీనికి మంచి దారి, క్రోమ్ దాచుకునే ఇంటి చిరునామాల్లో ఒకే మనిషికి రెండు దాచుకోవడం: మెమోలో ఉన్న వరుసలో ఒకటి, అసలు పేరు ముందు పెట్టి ఒకటి. గడిలో క్లిక్ చేస్తే రెండూ కనబడతాయి, ఆ ఫారానికి ఏది కావాలో అది ఎంచుకోవచ్చు.

జిల్లా గడి ఇంకో చిక్కు. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి. పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి, 2019లో నారాయణపేట కూడా. అంతకుముందు దాచిన చిరునామా ఖాతాలో అలాగే ఉండి, కోదాడ వాళ్లకు నల్లగొండ అనీ, ఆత్మకూరు వాళ్లకు మహబూబ్‌నగర్ అనీ నింపేస్తుంటుంది. మరీ పాతదైతే రాష్ట్రం గడిలో ఆంధ్రప్రదేశ్ అని కూడా ఉంటుంది. ఒకసారి తెరిచి దిద్దుకుంటే అన్ని ఫారాలూ బాగుపడతాయి.

జాబితాలోంచి ఎంచుకునే గడుల్లో బ్రౌజర్ అక్షరాలు పోల్చి ఎంచుతుంది. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లిష్‌లో హెచ్ తర్వాత ఏ పెట్టి రాసేవాళ్లున్నారు, పెట్టకుండా రాసేవాళ్లున్నారు. కొన్ని ఫారాల్లో జోగులాంబ గద్వాల అని పూర్తిగా ఉంటుంది, కొన్నింట్లో వట్టి గద్వాల. మీరు దాచినదానికీ, జాబితాలో ఉన్నదానికీ ఒక్క అక్షరం తేడా వచ్చినా గడి ‘సెలెక్ట్’ అనే ఉండిపోతుంది. రాష్ట్రం ఎంచితే జిల్లాలు, జిల్లా ఎంచితే మండలాలు, మండలం ఎంచితే ఊళ్లు వచ్చే ఫారాల్లోనైతే స్పెల్లింగు సరిగ్గా ఉన్నా పని కాదు, ఎందుకంటే బ్రౌజర్ నింపే క్షణానికి జిల్లాల జాబితా ఇంకా సర్వర్ నుంచి దిగదు. ఇలాంటివి ఈ వరుసలో చేయండి:

1. ముందు పేరు గడిలో క్లిక్ చేసి ఆటోఫిల్‌తో అన్నీ నింపనివ్వండి.
2. తర్వాత రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఒక్కొక్కటే చేత్తో ఎంచండి. ఒకటి ఎంచాక కింది జాబితా నిండే దాకా ఆగండి.
3. ఆ తర్వాత మళ్లీ ఆటోఫిల్ నొక్కొద్దు, ఎంచినవి చెదిరిపోతాయి. పొరపాటున నొక్కితే అదే గడిలో క్లిక్ చేయగానే కనబడే ‘అన్‌డూ’ ఎంచండి.
4. పంపే ముందు పిన్‌కోడు, ఫోన్ నంబరు అంకెలు లెక్కపెట్టండి.

నాలుగోది ఎందుకంటే, పిన్‌కోడును 508 అని రాసి ఖాళీ వదిలి 001 అని దాచి ఉంటే, ఆరు గుర్తులే పట్టే గడిలో ఆ ఖాళీ కూడా ఒక గుర్తై చివరి అంకె తెగిపోవచ్చు. నల్లగొండ 508001, పాలమూరు 509001, ఇలా ఖాళీ లేకుండా దాచుకోండి. ఫోన్ నంబరు ముందు సున్నా, ప్లస్ 91 తీసేసి పది అంకెలే ఉంచండి. సున్నాతో దాచినది పది అంకెల గడిలో చివరి అంకె పోగొట్టుకుంటే ఓటీపీ ఎవరికీ రాదు, కారణం ఎవరికీ అర్థం కాదు.

గడిలో క్లిక్ చేస్తే ఎప్పుడో తప్పు కొట్టిన పేరు పైకి వస్తుంటే, కిందికి బాణం బటన్‌తో దాని మీదికి వెళ్లి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కండి. అదొక్కటే పోతుంది, మిగతావి ఉంటాయి.

ఫోన్‌లో

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట ‘ఆటోఫిల్’ అని కొట్టండి. కంపెనీని బట్టి అది ఒక్కో ఫోన్‌లో ఒక్కో చోట దాగి ఉంటుంది, వెతకడమే సులువు. అక్కడ ఎంచిన సర్వీసు గూగుల్ అయి ఉండాలి. సాంసంగ్ ఫోన్లలో సాంసంగ్ పాస్ ఎంచి ఉంటే క్రోమ్‌లో దాచినవి వేరే యాప్‌లలో రావు. ‘నన్’ అని ఉంటే క్రోమ్ బయట ఏ యాప్‌లోనూ ఏదీ రాదు.

పదిమంది వాడే కంప్యూటర్‌లో

మీసేవలో, ఇంటర్నెట్ సెంటర్‌లో సమస్య తలకిందులు. అక్కడ నిండకపోవడం కాదు, నిండడమే ప్రమాదం. డిగ్రీ అడ్మిషన్లు, స్కాలర్‌షిప్పుల రోజుల్లో ఒక కుర్రాడు ఆధార్ గడిలో క్లిక్ చేస్తే ముందు వచ్చిన వాళ్ల పన్నెండు అంకెల నంబర్లు వరుసగా కిందికి జారతాయి. సెంటర్ నడిపేవాళ్లు ఇది ఒక్కసారి సరిచేస్తే చాలు. పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో మొదటి స్విచ్ ఆపండి. చిరునామాలు దాచి నింపే స్విచ్ కూడా ఆపండి. అది ఆపితే విడిగా గడుల్లో గుర్తుంచుకునేవి కూడా ఆగుతాయి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి, ‘అడ్వాన్స్‌డ్’లో కాలం ‘ఆల్ టైమ్’ ఎంచి, పాస్‌వర్డులవీ ఆటోఫిల్‌దీ రెండింటికీ టిక్ పెట్టి తుడిచేయండి. ఆ కంప్యూటర్‌లో మీ సొంత గూగుల్ ఖాతా తెరిచి ఉంటే ముందు సైన్ అవుట్ కావాలి. లేదంటే మీ ఖాతాలో ఉన్నవి, మీ ఫోన్‌లో ఉన్నవి కూడా పోతాయి.

సెంటర్‌కు వచ్చేవాళ్లకు గెస్ట్ కిటికీ తెరిచి ఇవ్వండి. గుండ్రటి బొమ్మ నొక్కితే చివర్లో ‘గెస్ట్’ ఉంటుంది. మూయగానే, డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు తప్ప, అందులో చేసినదంతా పోతుంది. ఇన్‌కాగ్నిటో (హిస్టరీ మిగల్చని కిటికీ) దీనికి బదులు కాదు. ప్రొఫైల్‌లో దాచి ఉన్న పాస్‌వర్డులు ఇన్‌కాగ్నిటోలో గడి మీద క్లిక్ చేస్తే కనబడతాయి.

అన్నీ ఒక్కసారే మాయమైతే

ముందు ఏమీ చేయకుండా ఆగండి. 2024 జూలైలో విండోస్‌లో క్రోమ్ 127 వెర్షన్‌లో వచ్చిన లోపం వల్ల ఎంతోమందికి దాచిన పాస్‌వర్డులు కనబడకుండా పోయాయి. గూగుల్ దాదాపు 18 గంటల్లో సరిచేసింది, అవి తిరిగి కనబడ్డాయి. క్రోమ్‌ను అప్‌డేట్ చేసి, కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి, ఫోన్‌లో అదే ఖాతాలో ఉన్నాయేమో చూడండి. ఫోన్‌లో ఉంటే కంప్యూటర్‌లో మళ్లీ సైన్ ఇన్ అయితే దిగుతాయి.

మరో కారణం విండోస్ పాస్‌వర్డు. కంప్యూటర్‌లో దాచిన పాస్‌వర్డులకు విండోస్ తాళం వేస్తుంది, ఆ తాళం మీ విండోస్ ఖాతాతో ముడిపడి ఉంటుంది. విండోస్ పాస్‌వర్డు మర్చిపోయారని రిపేరు షాపులో అడ్మిన్ దారిలో బలవంతంగా మార్పిస్తే, లేదా హార్డ్ డిస్క్‌లోంచి క్రోమ్ ఫోల్డర్ తీసి కొత్త కంప్యూటర్‌లో పెడితే, ఫైలు ఉంటుంది, తాళం తెరుచుకోదు. ఫైర్‌ఫాక్స్‌లో రెండు ఫైళ్లు ఉంటాయి, ‘లాగిన్స్ డాట్ జేసన్’, ‘కీ4 డాట్ డీబీ’. కొత్త కంప్యూటర్‌కు రెండూ కలిసి వెళ్లాలి. మొదటిదొక్కటే పట్టుకెళ్తే అందులోది చదవలేరు.

కంప్యూటర్‌ను షాపుకు ఇచ్చే ముందు పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కి ఒక కాపీ తీసుకోండి. వచ్చే సీఎస్‌వీ ఫైలులో పాస్‌వర్డులన్నీ ఎవరైనా చదివేలా, ఏ తాళం లేకుండా ఉంటాయి. దాన్ని వాట్సాప్‌లో, మెయిల్‌లో పంపుకోవద్దు, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. కొత్త చోట ‘ఇంపోర్ట్’ అయిపోయాక పెన్‌డ్రైవ్‌లోంచి, డౌన్‌లోడ్స్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి మూడు చోట్లా తీసేయండి.